పాత జీపు, నీలి పొగ, ఇంటి లెక్క



తొలకరి దగ్గర పడుతున్నదంటే పల్లెలలోని కుటుంబములకు త్రోవ గురించిన చింత మొదలవుతుంది. నల్లరేగడి తడిసిన తరువాత మోటారు సైకిలు చక్రము నాలుగు గజములు కూడ తిరగదు. పాలక్యాను, ఎరువు బస్తా, జ్వరము వచ్చిన పిల్లవాడు, వీటన్నిటికీ బురదలో నడిచే బండి కావాలి. కొత్తది కొనే స్థోమత లేదు. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి, "ఫోర్‌వీల్ జీపు ఒకటి ఉందన్నా, మంచి బేరము, కొంచెము పొగ వస్తుంది, అంతే" అని చెబుతారు.

ఆ "కొంచెము పొగ, అంతే" అన్న మాట గురించే ఈ నెల వ్రాస్తున్నాము. ఇంజను బాగోగులు బయటకు తెలిపే మొదటి గుర్తు పొగ. దానిని చదవడము తెలిసిన కుటుంబము తన ధనమును కాపాడుకొంటుంది. తెలియని కుటుంబము బండి ధర ఒకసారి, ఇంజను ధర మరియొకసారి చెల్లిస్తుంది.

జీపు మన ఊళ్లకు వచ్చిన త్రోవ

రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యము కొరకు అమెరికాలో తయారైన విల్లీస్ జీపు యుద్ధము ముగిసిన తరువాత పొలములకు, కొండ త్రోవలకు వచ్చింది. మన దేశములో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేరుతో ఒక కంపెనీ మొదలైంది. దేశ విభజన తరువాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తానుకు వెళ్లి, అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయినందున, 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. బొంబాయిలో విల్లీస్ జీపుల భాగములు తెచ్చి బిగించడముతో వీరి బండ్ల పని మొదలైంది. మొదట పెట్రోలు ఇంజన్లు, తరువాతి దశాబ్దములలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. కమాండర్ జీపులో మడ్‌గార్డు మీద కూడ మనుషులను ఎక్కించుకొని సంతకు వెళ్లిన రోజులు మన పెద్దలకు బాగా జ్ఞాపకమే. 1985లో మారుతి జిప్సీ, 2000లో బొలెరో, 2010లో థార్ వచ్చాయి. సైన్యము కొరకు జబల్‌పూర్ ఫ్యాక్టరీలో తయారైన జోంగాలు కూడ వేలములలో అమ్ముడుపోయి కొన్ని పల్లెలకు చేరాయి.

ఈ బండ్లకు ఒక గొప్ప గుణము ఉన్నది. విప్పి బాగుచేయవచ్చు, బిగించి మరల నడపవచ్చు. ఆ గుణమే కొనేవారికి ఉరి కూడ. ఇరువది యేండ్ల జీపుకు కొత్త రంగు, కొత్త టార్పాలిన్, నల్లని రిమ్ములు, ముందు లైట్ల వరుస పెట్టితే పెండ్లికొడుకులా కనబడుతుంది. లోపలి ఇంజనుకు మాత్రము వయస్సు తగ్గదు.

పొగ ఎందుకు వస్తుంది

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా అదుముతుంది. ఆ ఒత్తిడికి గాలి బాగా వేడెక్కుతుంది. సరిగా ఆ క్షణములో నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే అది మండుతుంది. కావున మూడు విషయములు సరిగా ఉండాలి. గాలి తగినంత రావాలి, ఒత్తిడి పోకుండ నిలవాలి, డీజిలు తగు కొలతలో తగు సమయమున పడాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా పొగ వస్తుంది.

ఒత్తిడిని నిలిపేవి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. సాధారణముగా ఒక్కొక్క పిస్టనుకు మూడు రింగులు ఉంటాయి. పైవి ఒత్తిడిని ఆపుతాయి, క్రిందిది గోడకు అంటిన ఆయిలును గీకి క్రిందికి పంపుతుంది. ఎయిర్ ఫిల్టరును సరిగా చూసుకోకపోతే పల్లె దారుల దుమ్ము లోపలికి పోయి, రింగులను, సిలిండరు గోడను సానరాయిలా అరగదీస్తుంది. అరిగిన తరువాత ఆయిలు పైకి ఎక్కి మండుతుంది, మంట గాలి క్రిందికి దిగుతుంది. దీనినే మెకానిక్కులు "ఆయిల్ తాగుతుంది", "బ్యాక్ కంప్రెషన్ కొడుతుంది" అని అంటారు.

మూడు రంగుల పొగ

నీలి పొగ. ఇది ఆయిలు మండుటవలన వచ్చేది. ఉదయము స్టార్టు చేయగానే ఒక గుప్పెడు నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. అది మధ్యరకపు ఖర్చు. బరువుతో మెట్ట ఎక్కేటప్పుడు విడువకుండ నీలి పొగ వస్తుంటే రింగులు, సిలిండరు అరిగినట్లే తలంచాలి. టర్బో ఉన్న బండిలో టర్బో సీలు పోయినా నీలి పొగ వస్తుంది.

నల్లని పొగ. పడిన డీజిలుకు సరిపోయినంత గాలి లేదని, లేక డీజిలు సరిగా చిమ్మడము లేదని దీని అర్థము. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన నాజిళ్లు, ఎక్కువ డీజిలు ఇచ్చునట్లు త్రిప్పిన పంపు, చీలిన టర్బో పైపు, ఇవి సాధారణ కారణములు. అతి బరువు వేసినా నల్ల పొగ వస్తుంది. చాల సందర్భములలో ఇంజను దించకుండనే దీనిని సరిచేయవచ్చు.

తెల్లని పొగ. చలి ఉదయమున ఒక నిమిషము ఆవిరి వచ్చి పోతే భయము లేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ వస్తూ, రేడియేటరులో నీరు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, లేక హెడ్ చీలి ఉండవచ్చు. ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసినదని తెలుసుకోండి. తెల్ల పొగ కండ్లు మండేలా డీజిలు వాసన కొడితే మండని డీజిలు బయటికి వస్తున్నది. హీటరు ప్లగ్గులో, పంపు టైమింగులో, లేక ఒత్తిడి తగ్గుటలోనో కారణము ఉంటుంది.

ఈ పొగ ఇంజనుకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. టార్పాలిన్ జీపు వెనుక భాగము తెరచి ఉన్నప్పుడు, బండి ముందుకు పోతుంటే పొగ వెనుకనుండి లోపలికే తిరిగి వస్తుంది. ఆ వెనుక సీట్లలో కూర్చునేది మన పిల్లలే, మన ముసలి తల్లిదండ్రులే.

మరియొక అపాయము కూడ ఉన్నది. బాగా అరిగిన డీజిల్ ఇంజను, లేక టర్బో సీలు పోయిన ఇంజను, అరుదుగా తన ఆయిలునే ఇంధనముగా తీసుకొని పరుగెత్తుతుంది. అప్పుడు తాళము తీసినా ఆగదు. అట్టి బండిని ఇంటికి తెచ్చుకొనుట ఎవరికీ క్షేమము కాదు.

బండి దగ్గర చూడవలసిన విధము

అమ్మేవారు చెప్పిన సమయమునకు కాక, ఉదయమే వెళ్లండి. మొదట బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్టు చేసి ఉంచారని అర్థము. చల్లని ఇంజను దాచలేని సంగతులు వేడి ఇంజను దాచిపెడుతుంది. అట్లయితే మరునాడు వస్తామని మర్యాదగా చెప్పి తిరిగి రండి.

స్టార్టు చేసేటప్పుడు ఒకరు సైలెన్సరు దగ్గర ప్రక్కగా నిలబడాలి. బండి ఆరుబయట ఉండాలి, మూసిన షెడ్డులో ఈ పరీక్ష చేయకూడదు. ఒక తెల్ల కాగితమును గొట్టమునకు కొంచెము దూరముగా పట్టండి. నల్లని పొడి మసి పడితే ఒక సంగతి, జిడ్డు చుక్కలు పడితే వేరొక సంగతి.

ఇంజను నిదానముగా నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి, తలక్రిందులుగా ఆ రంధ్రము మీదనే ఉంచండి. కొద్దిగా కదిలితే ఫరవాలేదు. మూత ఎగిరి పడుతూ, పొగ గుప్పుగుప్పున వస్తుంటే అదే బ్యాక్ కంప్రెషన్. వేడి ఇంజను రేడియేటరు మూతను మాత్రము ఎట్టి పరిస్థితిలోను విప్పకండి, మరిగే నీరు ముఖము మీదికి చిమ్ముతుంది.

ఆయిలును వ్రేళ్ల మధ్య రుద్ది చూడండి. అరిగిన ఇంజనులో చిక్కని ఆయిలు, దానిలో మరియొక మందు కలిపి పోస్తే కొన్ని దినములు పొగ తగ్గుతుంది. ఆయిలు బెల్లపు పాకములా ఉంటే ఎందుకు పోశారని అడగవలసినదే. నమ్మకమైన మెకానిక్కుకు కూలి ఇచ్చి వెంట తీసుకొని పోండి. గేజి పెట్టి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూస్తే సంగతి తేటపడుతుంది. ఏదైన ఒక సిలిండరు మిగిలిన వాటికంటె బాగా తక్కువ చూపితే ఇంజను విప్పక తప్పదు.

తరువాత మనుషులను ఎక్కించుకొని మెట్ట ఎక్కించండి. మీలో ఒకరు వేరే బండి మీద వెనుక వస్తూ పొగ చూడాలి. ఫోర్‌వీల్ గేరును తారు రోడ్డు మీద వేసి మలుపులు త్రిప్పకండి, దానివలన లోపలి గేర్లకు దెబ్బ తగులుతుంది. మెత్తని మట్టిలో వేసి, ముందు చక్రములు కూడ లాగుచున్నవో లేదో చూడండి. అది పని చేయనప్పుడు ఫోర్‌వీల్ అని అదనపు ధర ఇచ్చుటలో అర్థము లేదు.

అల్మాస్‌గూడలో ఒక కుటుంబపు లెక్క

రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలములోని అల్మాస్‌గూడ, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వైపు పెరిగిన కాలనీలలో కలిసిపోయిన పాత గ్రామము. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపుల నుండి వచ్చి ఈ చుట్టుప్రక్కల స్థిరపడిన కుటుంబములు ఎన్నో ఉన్నాయి. ఇల్లు ఇక్కడ, పొలము అక్కడ. మేము ఎరిగిన ఒక కుటుంబము అట్టిదే. వారి మూడెకరములు సాగర్ రోడ్డులో యాచారము దాటి లోపలికి ఉన్నాయి. ఇబ్రహీంపట్నము మీదుగా తారు రోడ్డు బాగుగానే ఉంటుంది, చివరి రెండు మైళ్లు మాత్రము వానకాలములో బురద. అక్కడ వృద్ధుడైన తండ్రి, రెండు గేదెలు ఉన్నాయి.

వారికి చీటీ పాడగా రూ. 3,20,000 చేతికి వచ్చింది. దానిలో రూ. 80,000 కుమార్తె నర్సింగు కాలేజీ ఫీజు. మిగిలిన రూ. 2,40,000తో జీపు కొనాలని భర్త ఆలోచన. ఎల్.బి. నగర్ వైపు పాత బండ్లు అమ్మేచోట ఒక ఫోర్‌వీల్ జీపు చూశారు. ధర రూ. 2,30,000 అన్నారు. బండి చూడముచ్చటగా ఉన్నది. పొగ వస్తున్నదేమని అడిగితే, "డీజిల్ బండి అన్నాక పొగ రాదా అన్నా? రెండు ట్రిప్పులు తిరిగితే అదే పోతుంది" అన్నాడు అమ్మేవాడు.

ఇంటికి వచ్చిన తరువాత ఆమె భర్తతో అన్న మాట మాకు ఇంకను జ్ఞాపకము ఉన్నది. "మీరు బండి ధర చెప్తున్నరు. పొగ ధర ఎంతనో కూడ అడిగిండ్రా?"

ఆమె కోరిక మీద మేము కూడ వారితో వెళ్లాము, తెలిసిన మెకానిక్కును తీసుకొని పోయాము. నీలి పొగ విడువలేదు, ఆయిల్ మూత నిలువలేదు. మెకానిక్కు చాప్ కాగితము మీద లెక్క వ్రాశాడు. రింగులు, బోరింగ్, బేరింగులు, గ్యాస్కెట్లు, హెడ్ పని, కూలి అన్నీ కలిపి రూ. 75,000. నాలుగు టైర్లు ఎండకు పగిలి ఉన్నాయి, రూ. 28,000. ఇన్సూరెన్సు, పేరు మార్పు, దగ్గరపడిన రిజిస్ట్రేషను గడువు, వీటికి రూ. 22,000. ధరతో కలిపితే మొత్తము రూ. 3,55,000. కుమార్తె ఫీజు కూడ ఇందులో వేసినా ఇంకను రూ. 35,000 అప్పు చేయాలి. అమ్మేవాడు రూ. 20,000 తగ్గిస్తానన్నాడు. తగ్గించినా లెక్క సరిపోలేదు.

భర్త ముఖము చిన్నబోయింది. వానలు ముంచుకొస్తున్నాయి, తండ్రి ఒంటరిగా ఉన్నాడు. "ఇంజను పని తరువాత చేయిద్దాము, ముందు బండి ఇంటికి రానీ" అన్నాడు. చాల కుటుంబములు పడిపోయే గుంట ఇదే. తరువాత చేయిద్దామన్న ఇంజను పని, ఎక్కడ అవసరమో అక్కడే, వానలో, పొలము గట్టు మీద ఎదురవుతుంది. అప్పుడు కాలేజీ ఫీజు ఇంజనులో కలిసిపోతుంది. బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ఉపమానము ఇట్టి చోటనే మనకు పనికివస్తుంది. ఆ దినమే కుమార్తె ఫీజు కట్టివేశారు. ఆ పైకము చేతిలో లేకపోయిన తరువాత ఆలోచన తేలికయింది.

ఆ సీజనులో మూడు వారములు బురద దారికి ట్రాక్టరు అద్దెకు మాట్లాడుకొన్నారు. తరువాత తుర్కయంజాల్ వైపు ఒక రైతు దగ్గర మరియొక జీపు కనబడింది. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి. ఆ రైతు మొదటి మాటగానే, "మెట్ట ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తది తమ్మీ, నాజిళ్లు ఏండ్లసంది చేయించలేదు" అని చెప్పి, ఆయిలు మార్పించిన రసీదులు చూపించాడు. మెకానిక్కు చల్లని ఇంజను చూశాడు, మూత కదలలేదు, నాలుగు సిలిండర్ల ఒత్తిడి దగ్గరదగ్గరగా ఉన్నది. బేరము రూ. 1,95,000కు కుదిరింది. ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు, పంపు పనికి రూ. 14,000 అయింది. ఇన్సూరెన్సుకు, పేరు మార్పుకు రూ. 16,000 అయింది. మొత్తము రూ. 2,25,000. అనుకొన్నదానిలో రూ. 15,000 మిగిలి బ్రేకుల పనికి వచ్చింది. పొగ ఆగిపోయింది.

రెండు బండ్లూ పొగ వచ్చినవే. ఒకటి విడువదగినది, ఒకటి కొనదగినది. కావున పొగ వచ్చే బండి కొనవద్దని మేము చెప్పడము లేదు. అది ఏ పొగయో, దాని ఖర్చు ఎంతయో తెలియకుండ కొనవద్దని చెబుతున్నాము.

కాగితముల సంగతి

ఇంజను ఎంత ముఖ్యమో కాగితములు అంతే ముఖ్యము. ఆర్.సి.లో ఉన్న ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును బండి మీది నంబర్లతో ఒక్కొక్క అక్షరముగా సరిచూడండి. పాత పెట్రోలు జీపులలో వేరే డీజిల్ ఇంజను ఎక్కించినవి చాల ఉన్నాయి. ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కకపోతే చట్టము ముందు ఆ బండి తప్పు బండియే. కంపెనీ తయారు చేసిన రూపమునకు విరుద్ధముగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టము చేసింది. హర్యానాలోని మండి డబ్వాలి ఇట్టి మార్పులు చేసిన జీపులకు పేరుపొందిన ఊరు. ఫోటోలో చూసి అడ్వాన్సు పంపేవారు ముందు కాగితములు అడగాలి.

సొంత బండి రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములు. ఆ తరువాత బండిని చూపించి, ఐదేసి సంవత్సరములకు పొడిగించుకోవాలి. 15 యేండ్లు దాటిన కార్లకు, జీపులకు ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుండి రూ. 600 బదులు రూ. 5,000 అయింది. 20 యేండ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ. 10,000 చేశారు. గ్రీన్ టాక్సు వేరు. ప్రభుత్వ శాఖల బండ్ల సంగతి మరియొకటి. 15 యేండ్లు నిండిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి మరల పొడిగించరు, అవి తుక్కుకే పోవాలి. కావున "ఆఫీసు జీపు, చౌకగా వస్తుంది" అన్నవారి మాట విని తొందరపడకండి.

ఢిల్లీ బండ్లు చౌక అన్న మాట కూడ వింటుంటాము. పది యేండ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతములో తిరుగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచింది. ఆ ఆంక్షలు 2025లో మరల విచారణకు వచ్చాయి. ఈ మధ్య కాలములో అక్కడి బండ్లు ఎన్నో ఇతర రాష్ట్రములకు వచ్చాయి. కొనకూడదని కాదు గాని, అక్కడి ఎన్.ఓ.సి., ఇక్కడ కట్టవలసిన టాక్సు, ఫైనాన్సు బాకీ తీరినట్లు కాగితము, ఇవి చేతికి వచ్చిన తరువాతనే లెక్క వేయాలి.

పొగకు కూడ చట్టములో కొలత ఉన్నది. డీజిల్ బండి పొగ చిక్కదనమును హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో కొలుస్తారు. బి.ఎస్.-4 కంటె ముందటి బండ్లకు 65, బి.ఎస్.-4 బండ్లకు 50 దాటకూడదు. కొనక ముందే అమ్మేవారిని వెంటబెట్టుకొని పొల్యూషన్ పరీక్ష చేయించండి. అక్కడ దాటలేని బండి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు కూడ ఇబ్బంది పెడుతుంది.

పేరు మార్పును మాత్రము ఒక్క వారము కూడ వాయిదా వేయవద్దు. 29, 30 నంబరు ఫారములతో ఆర్టీఏ ఆఫీసులో మార్చుకోవాలి. ఒకే రాష్ట్రములో అయితే అమ్మినవారు 14 దినములలో తెలియజేయాలి, కొన్నవారు 30 దినములలో దరఖాస్తు పెట్టుకోవాలి. చేతులు మారి మారి పోయిన ఒక బండి ప్రమాదము చేసిన కేసులో, కాగితము మీద ఎవరి పేరు ఉన్నదో వారే నష్టపరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎప్పుడో అమ్మివేశాను, నాకు సంబంధము లేదు అనుటకు వీలులేదు. పాత బండ్ల వ్యాపారులు ఆర్టీఏ నుండి గుర్తింపు పొందాలన్న నిబంధన కూడ 2023 ఏప్రిల్ 1 నుండి వచ్చింది. వ్యాపారి దగ్గర కొంటే ఆ సర్టిఫికెట్ అడిగి చూడండి. సొంత రిజిస్ట్రేషను బండిని కిరాయికి త్రిప్పి వాయిదాలు తీర్చుదామనే ఆలోచనను మొదటనే మానుకోండి. ప్రమాదము జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ దానినే పట్టుకొంటుంది.

అమ్మేవారికి ఒక మాట

ఈ పత్రిక చదివే కుటుంబములలో కొనేవారే కాదు, అమ్మేవారు కూడ ఉన్నారు. చిక్కని ఆయిలు పోసి, ఇంజనును ముందే వేడిచేసి, "బండి సూపరు" అని చెప్పుట కొందరికి తెలివిగా తోచవచ్చు. కొన్నవాడు ఎవరు? మనవలెనే చీటీ పాడుకొన్నవాడు, మనవలెనే పిల్లల ఫీజు కట్టవలసినవాడు. దొంగ తూకము ఎట్టిదో దాచిన పొగ అట్టిదే.

తుర్కయంజాల్ రైతు తన బండి లోపమును తానే చెప్పాడు. అందువలన అతనికి నష్టము రాలేదు. లోపము చెప్పినందుననే మిగిలిన మాటలు నమ్మదగినవైనవి, మొదటి దినమే బేరము కుదిరింది. పొగ రంగు, ఎప్పటినుండి వస్తున్నది, ఆయిలు ఎంత పోయవలసి వస్తున్నది, ఏ పని చేయించారు, ఈ నాలుగు సంగతులు చెప్పి అమ్మినవాడు రాత్రి నిశ్చింతగా నిద్రపోతాడు. దారిలో ఎదురుపడినప్పుడు తల త్రిప్పుకోవలసిన అవసరము కూడ ఉండదు.

ఇంటిలో మాట్లాడుకోవలసినవి

తండ్రులారా, బండి అనగానే మన మనస్సు ముందుకు పరుగెత్తుతుంది. ఇంటివారి ప్రశ్నను అడ్డము అనుకోకండి. తల్లులారా, బండ్ల సంగతి మనకేమి తెలుసు అని ఊరకుండకండి. లెక్క అడుగుటకు మెకానిక్కు కానక్కరలేదు. అడ్వాన్సు ఇవ్వక ముందు ఒక రాత్రి ఇద్దరూ కూర్చుండి కాగితము మీద నాలుగు వరుసలు వ్రాయండి: బండి ధర, ఇంజను పని, టైర్లు బ్రేకులు, కాగితముల ఖర్చు. వాటి క్రింద ముట్టుకోకూడని ధనమును వేరుగా వ్రాయండి: పిల్లల ఫీజు, విత్తనములు, పెద్దల మందులు. మొత్తము ఆ గీత దాటితే ఆ బండి మీది కాదు.

బేరము పోతుందని భయపడకండి. పాత జీపులు ఈ దేశములో తక్కువేమీ లేవు. కొన్న తరువాత కూడ దుమ్ము దారిలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును పుస్తకములో చెప్పినదానికంటె ముందుగానే శుభ్రము చేయించండి, వారమునకు ఒకసారి ఆయిల్ పుల్ల తీసి చూడండి. అరువది రూపాయల నిర్లక్ష్యము అరువది వేల రూపాయల పనియై ఎదురు రాకుండ ఈ రెండు అలవాట్లు కాపాడుతాయి.

వానలు మొదలవక ముందే బండి చూడబోయేవారు ఈ పుట చింపి జేబులో పెట్టుకొని వెళ్లండి. తెల్ల కాగితము ఒకటి కూడ మరువకండి.